కష్టం వేరు, కసరత్తు వేరు

పోయిన ఎపిసోడ్‌లో నేనొక మాట అన్నాను. "రోజూ కాస్త నడవండి, జలుబులూ జ్వరాలూ తగ్గుతాయి" అని. ఎపిసోడ్ వచ్చిన రెండో రోజే ఒక శ్రోత వాయిస్ మెసేజ్ పెట్టాడు. బిల్డింగ్ సైటులో స్టీలు కట్టే పని ఆయనది. వెనకాల ఏసీ గుర్రుమంటున్న చప్పుడు, ఎవరో ఆగకుండా దగ్గుతున్న చప్పుడు.

"అన్నా, పొద్దుగాల నాలుగింటికి లేస్తం. పది పన్నెండు గంటలు ఇనుము మోస్తం, వంగి కడ్తం. రాత్రి రూముకొచ్చెటాళ్లకు పానం పోయినట్టయితది. ఇగ నువ్వేమో వ్యాయామం చెయ్యుమంటవు. మాకంటె ఎక్కువ వ్యాయామం ఎవలు చేస్తున్నరే? మరి మా రూముల అందరికీ సర్ది ఎందుకైతాంది?"

ఆ మెసేజ్ మూడుసార్లు విన్నాను. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. చెప్పడానికి నా దగ్గర సరైన జవాబు లేదు. మైకు ముందు కూర్చుని సులువుగా ఒక సలహా పారేశానే గానీ, ఆ సలహా ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు అని ఆలోచించలేదు. అందుకే ఈ వారం పాత పరిశోధనల వెంట పడ్డాను. ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన సంగతులు కూడా ఇక్కడ రాస్తున్నాను.

ఈ ప్రశ్న ఇవాళ పుట్టింది కాదు. ఒళ్లు వంచి కష్టపడితే జబ్బుని తట్టుకునే శక్తి పెరుగుతుందా, తరుగుతుందా అని డాక్టర్లు వందేళ్ల పైనుంచి తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. ఒకసారి తరుగుతుందన్నారు, ఇంకోసారి పెరుగుతుందన్నారు, మళ్లీ సరిదిద్దుకున్నారు. ఆ కథలో మారథాన్ పరుగువాళ్లున్నారు, బస్సు కండక్టర్లున్నారు. వాళ్లందరికన్నా ముందు మనలాంటి వాళ్లున్నారు. సముద్రం దాటి కూలికి పోయి క్యాంపుల్లో పడుకున్నవాళ్లు. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

కాలువ తవ్విన చేతులు

1904లో అమెరికా పనామా కాలువ పని చేతికి తీసుకుంది. తవ్వడానికి బార్బడోస్, జమైకా లాంటి వెస్టిండీస్ దీవుల నుంచి వేల మంది వచ్చారు. ఎక్కువమంది కుర్రాళ్లు. పార, పలుగు, డైనమైటు పని. ఎండలో, లేకపోతే తెరిపి లేని వానలో. వాళ్లు చేసినంత శారీరక శ్రమ మనం ఊహించుకోవడం కూడా కష్టం.

అక్కడ ఆరోగ్య శాఖ విలియం గోర్గస్ అనే సైనిక డాక్టరు చేతిలో ఉండేది. దోమల్ని అదుపుచేసి 1906 నాటికి ఎల్లో ఫీవర్‌ని ఆ ప్రాంతం నుంచి తరిమేసిన మనిషి. ప్రపంచమంతా ఆయన్ని మెచ్చుకుంటున్న రోజుల్లోనే ఆయన ఆసుపత్రుల్లో ఇంకో జబ్బు కూలీల ప్రాణాలు తీస్తూ ఉంది. అది న్యుమోనియా. వెస్టిండీస్ కూలీల మరణాలకి 1906లో పెద్ద కారణాల్లో అదొకటి. పెన్సిలిన్ రావడానికి ఇంకా చాలా ఏళ్లుంది. కండలు తిరిగిన మనుషులే రోజుల్లో పోయేవాళ్లు.

ఆ కూలీలు పడుకునేది బ్యారక్‌లలో. ఒకదాని మీద ఒకటి మంచాలు, ఒక్కో బ్యారక్‌లో డజన్ల మంది. వానలో తడిసిన బట్టలు ఆరబెట్టుకునే వీలు లేదు. చాలామంది ఆ బట్టలతోనే పడుకునేవాళ్లు. ఆ తర్వాతి కాలంలో కూలీలు బ్యారక్‌లు వదిలి, పెళ్లాం పిల్లలతో చిన్న చిన్న గుడిసెలేసుకుని విడివిడిగా ఉండటం మొదలుపెట్టారు. న్యుమోనియా తగ్గింది. కొత్తగా వచ్చేవాళ్లు తగ్గడం లాంటి వేరే కారణాలు కూడా ఉండొచ్చు గానీ, గోర్గస్‌కి మాత్రం ఒక సంగతి గట్టిగా నాటుకుంది. మనుషుల్ని కుక్కి పడుకోబెడితే ఈ జబ్బు పెరుగుతుంది, విడదీస్తే తగ్గుతుంది.

ఆ పేరు విని దక్షిణాఫ్రికా బంగారు గనుల యజమానుల సంఘం ఆయన్ని 1913లో పిలిపించుకుంది. జొహానెస్‌బర్గ్ చుట్టుపక్కల గనుల్లోకి మొజాంబిక్, న్యాసాలాండ్ లాంటి చోట్ల నుంచి కూలీల్ని తెచ్చేవాళ్లు. తెచ్చే ముందు డాక్టరు పరీక్ష ఉండేది, అచ్చం మన గల్ఫ్ మెడికల్ లాగే. బలహీనంగా ఉన్నవాణ్ణి వెనక్కి పంపేవాళ్లు. అలా ఏరి తెచ్చిన గట్టి మనుషులే న్యుమోనియాతో ఎంతమంది చనిపోయారంటే, వేడి ప్రాంతాల నుంచి కూలీల్ని తీసుకురావడాన్నే అక్కడి ప్రభుత్వం 1913లో నిషేధించాల్సి వచ్చింది.

వాళ్లుండే చోటుని అక్కడ కాంపౌండ్ అనేవాళ్లు. మనం క్యాంపు అంటున్నాం. గోర్గస్ చూసి చెప్పింది పనామా మాటే: మనిషికి చోటు పెంచండి, వీలైతే కుటుంబాలతో చిన్న ఇళ్లలో ఉంచండి. కాంపౌండ్ పద్ధతి మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు నడిచింది.

మన స్టీలు పని సోదరుడి ప్రశ్నకి మొదటి జవాబు ఇక్కడే దొరికింది నాకు. కండ ఉన్నంత మాత్రాన ఊపిరితిత్తులకి రక్షణ దొరకదు. పనామా కూలీకి, జొహానెస్‌బర్గ్ గని కార్మికుడికి శ్రమ తక్కువై జబ్బు రాలేదు. తెరిపి లేని శ్రమ, సరైన నిద్ర లేని రాత్రి, పక్కవాడి ఊపిరి మీద పడేంత ఇరుకు, ఈ మూడూ కలిసి వచ్చాయి.

పరుగు పందెం అయ్యాక రక్తంలో

ఇదే కాలంలో ఇంకొంతమంది డాక్టర్లు వేరే వైపు నుంచి చూస్తున్నారు. బోస్టన్ మారథాన్ పరిగెత్తినవాళ్ల రక్తం తీసి చూసిన లారబీ అనే డాక్టరు 1902లో ఒక వ్యాసం అచ్చేశాడు. పరుగు తర్వాత తెల్ల రక్తకణాలు బాగా పెరిగాయి. తెల్ల కణాలంటే ఒంట్లో క్రిములతో పోరాడే సైన్యం. ఆ పెరుగుదల తీరు కొన్ని జబ్బుల్లో కనిపించే తీరులాగే ఉందని ఆయన గమనించాడు. జబ్బే లేని మనిషి రక్తం జబ్బు మనిషి రక్తంలా ఎందుకు కనిపిస్తోంది? ఆ ప్రశ్నకి సరైన వివరణ రావడానికి ఇంచుమించు వందేళ్లు పట్టింది.

1918లో కౌల్స్ అనే ఇంకో డాక్టరు ఒక మగపిల్లల బడిలో వచ్చిన న్యుమోనియా కేసుల గురించి రాశాడు. జబ్బు ముదిరినవాళ్లు దాదాపు అందరూ ఆటగాళ్లే. మామూలు జలుబు ఉన్నప్పుడు గట్టి పోటీల్లో ఆడితే అది న్యుమోనియాలోకి దిగుతోందని ఆయన అనుమానం.

తర్వాత పోలియో రోజులొచ్చాయి. బ్రిటన్‌లో రిచీ రసెల్ అనే నరాల డాక్టరు 1949లో ఒక ముఖ్యమైన సంగతి రాశాడు. పోలియో లక్షణాలు మొదలయ్యాక మంచం ఎక్కి పడుకున్నవాళ్లు చాలావరకు తేలిగ్గా బయటపడ్డారు. లక్షణాలున్నా లెక్కచేయకుండా గట్టి శ్రమ కొనసాగించినవాళ్లలో పక్షవాతం తీవ్రంగా వచ్చింది. ఒంట్లో క్రిమి పని మొదలుపెట్టాక దాని మీద శ్రమ పెట్టొద్దనే జాగ్రత్త ఇలాంటి అనుభవాల నుంచి బలపడింది.

అంటే ఇరవయ్యో శతాబ్దం మొదటి సగమంతా శ్రమంటే డాక్టర్లకి అనుమానమే. ఆ అనుమానాన్ని తిరగేసింది ఒక బస్సు.

లండన్ బస్సు మెట్లు

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు గుండె జబ్బుల లెక్కలు తీస్తున్నాడు. వలస వచ్చిన పేద కుటుంబంలో పుట్టినవాడు. ఆయన ఎర్ర రంగు రెండంతస్తుల బస్సుల్లో పనిచేసే ఉద్యోగులను చూశాడు. డ్రైవరు, కండక్టరు ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే రోడ్డు మీద. జీతాల్లో, ఇళ్లలో పెద్ద తేడా లేదు. తేడా ఒక్కటే. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకి అయిదారు వందల మెట్లు ఎక్కుతాడు, దిగుతాడు.

1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. కండక్టర్లలో గుండె జబ్బు డ్రైవర్ల కన్నా స్పష్టంగా తక్కువ. జబ్బు వచ్చినా వెంటనే చనిపోయే ముప్పు కూడా తక్కువ. సైకిలు మీద, నడుస్తూ ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లకీ, ఆఫీసులో కూర్చునే గుమాస్తాలకీ మధ్య కూడా ఇలాంటి తేడానే కనిపించింది. మోరిస్ 99 ఏళ్లు బతికి 2009లో చనిపోయాడు.

ఇది గుండె సంగతి, క్రిముల సంగతి కాదు. అయినా ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. "కదిలే ఒళ్లు నిలబడుతుంది" అనే ఆలోచనకి లెక్కలతో పునాది పడింది ఇక్కడే. రెండోది, మనం మర్చిపోకూడనిది: కండక్టరు పని ఎలాంటిది? మెట్లెక్కాలి, నిలబడాలి, నాలుగడుగులు వెయ్యాలి. అంతేగానీ నలభై కిలోల బరువు నెత్తిన పెట్టుకుని కాదు, మండుటెండలో కాదు. సాయంత్రం డ్యూటీ దిగితే సొంత ఇంట్లో, సొంత మంచం మీద నిద్ర. పనే వ్యాయామం అయింది నిజమే, కానీ అది ఏ పనో చూసుకోవాలి.

రెండు పందేలు, ఒక నడక

క్రిముల విషయంలో అసలు లెక్కలు 1980ల్లో మొదలయ్యాయి. అదీ దక్షిణాఫ్రికాలోనే. కేప్‌టౌన్‌లో టూ ఓషన్స్ అనే 56 కిలోమీటర్ల పరుగు పందెం జరుగుతుంది. 1982 పందెంలో పరిగెత్తిన 150 మందిని ఎడిత్ పీటర్స్, బేట్‌మన్ అనే పరిశోధకులు రెండు వారాలు గమనించారు. వాళ్లతో పోల్చడానికి అదే ఇళ్లలో ఉంటూ పరిగెత్తనివాళ్లని తీసుకున్నారు. పరిగెత్తినవాళ్లలో 33.3 శాతం మందికి గొంతు నొప్పి, జలుబు లాంటివి వచ్చాయి. పరిగెత్తనివాళ్లలో 15.3 శాతం మందికే వచ్చాయి.

తర్వాత అమెరికాలో డేవిడ్ నీమన్. ఆయనే స్వయంగా మారథాన్ పరిగెత్తేవాడు. 1987 లాస్ ఏంజిలిస్ మారథాన్ సందర్భంగా 2,311 మందిని అడిగి లెక్క తీశాడు. పందెం పరిగెత్తినవాళ్లలో 12.9 శాతం మందికి ఆ వారంలోనే జలుబో ఫ్లూనో వచ్చింది. వాళ్లలాగే తయారై, ఏదో కారణంతో పందెంలో దిగని రన్నర్లలో 2.2 శాతమే.

అదే నీమన్ మామూలు నడకనీ పరీక్షించాడు. అప్పటిదాకా వ్యాయామం లేని, కాస్త బరువున్న 36 మంది ఆడవాళ్లని తీసుకున్నారు. సగంమందిని వారానికి అయిదు రోజులు, రోజుకి 45 నిమిషాలు వడిగా నడిపించారు. మిగతావాళ్లు మామూలుగానే ఉన్నారు. 15 వారాల తర్వాత చూస్తే, నడిచినవాళ్లు జలుబు లక్షణాలతో బాధపడిన రోజులు రెండోవాళ్లతో పోలిస్తే ఇంచుమించు సగం. 2011లో 1,002 మందిని 12 వారాలు గమనించిన ఇంకో పరిశోధన వచ్చింది. వారంలో అయిదు రోజులకి తగ్గకుండా వ్యాయామం చేసేవాళ్లకి జలుబు రోజులు 43 శాతం తక్కువ.

వీటన్నిటినీ కలిపి నీమన్ ఒక గీత గీశాడు. అది ఇంగ్లీషు జే అక్షరంలా ఉంటుంది. ఎడమ చివర కదలకుండా కూర్చునేవాడు, వాడికి జబ్బు ముప్పు మధ్యరకం. కాస్త కదిలితే గీత కిందికి దిగుతుంది, ముప్పు తగ్గుతుంది. మరీ ఎక్కువైతే గీత పైకి లేచిపోతుంది, కూర్చున్నవాడి కన్నా పైకి.

సగం బలం

ఈ గీత చూడగానే నాకు మన పాత వైద్య గ్రంథాలు గుర్తొచ్చాయి. వ్యాయామం ఒంట్లో ఉన్న బలంలో సగం వరకే చెయ్యాలని సుశ్రుత సంహిత చెబుతుంది. ఆ సగం దాటుతున్నావని తెలిసేది ఊపిరి నోటితో పీల్చుకోవాల్సి వచ్చినప్పుడు. వాగ్భటుడి అష్టాంగ హృదయం ఇంకో అడుగు ముందుకెళ్లింది. ఆ సగం బలం కసరత్తు కూడా బలం ఉండి, మంచి తిండి తినేవాళ్లకి, అదీ చలికాలంలో, వసంతంలో. మిగతా కాలాల్లో ఇంకా తక్కువ. అతి వ్యాయామం, జాగరణ లాంటివి మితిమీరి చేసేవాడు ఏనుగుని ఈడ్చబోయిన సింహంలా నశిస్తాడని హెచ్చరిక కూడా ఉంది.

వాళ్లకి వైరస్ తెలీదు, తెల్ల కణం తెలీదు. పాత పుస్తకంలో ఉందని ఏదీ సైన్సు అయిపోదు. కానీ మనిషి ఒంటిని ఓపిగ్గా చూసినవాళ్లు ఒక కొలత పట్టుకున్నారు. తిండి, నిద్ర, ఎండ, ఈ మూడూ లెక్కలోకి తీసుకోకుండా "కష్టపడు" అని ఊరికే చెప్పలేదు. నేను పోయిన ఎపిసోడ్‌లో చేసిన తప్పు సరిగ్గా అదే.

గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంటే

మరి వ్యాయామం చేసినప్పుడు లోపల ఏం జరుగుతుంది? వడిగా నడిచినా, మెట్లెక్కినా ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, రక్తం వేగం పెరుగుతుంది. రక్తనాళాల గోడలకి అంటుకుని, ప్లీహంలో దాగి ఉన్న రక్షణ కణాలు రక్తంలోకి దిగుతాయి. వీటిలో వైరస్ పట్టిన కణాలని చంపే నేచురల్ కిల్లర్ కణాలు, టీ కణాలు ముఖ్యం. నిమిషాల్లో వాటి సంఖ్య పెరుగుతుంది. లారబీ మారథాన్ రక్తంలో చూసింది జబ్బు కాదు, ఇలా బయటికొచ్చిన సైన్యాన్ని.

గట్టి వ్యాయామం ఆపాక ఒకటి రెండు గంటల్లో ఆ కణాలు రక్తంలో మామూలు కన్నా కూడా తగ్గిపోతాయి. 1990ల్లో దీన్ని చూసి, ఒంట్లో కిటికీ తెరుచుకుని ఉందని, క్రిములు దూరే సమయం అదేనని అనుకున్నారు. 2018లో ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయం నుంచి క్యాంప్‌బెల్, టర్నర్ అనే ఇద్దరు దీన్ని గట్టిగా ప్రశ్నించారు. ఆ కణాలు చావలేదు, ఊపిరితిత్తులకీ పేగులకీ కాపలాకి వెళ్లాయన్నారు. మన భాషలో చెప్పాలంటే, గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉందని వాచ్‌మన్ పారిపోయినట్టు కాదు, రౌండుకి పోయాడన్నమాట. రోజూ వ్యాయామం చేసేవాడి ఒంట్లో ఈ రౌండ్లు రోజూ జరుగుతుంటాయి.

మరి మారథాన్ వాళ్లకి జలుబు ఎందుకొచ్చింది? వేలమంది గుంపు, ప్రయాణం, ముందు రాత్రి నిద్ర లేకపోవడం, ఒత్తిడి అని వాళ్ల జవాబు. అందరూ ఒప్పుకోలేదు. అతి శ్రమ కూడా కొంత దెబ్బ తీస్తుందనే శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఉన్నారు. కానీ రెండు పక్షాలూ ఒప్పుకునేది ఒకటుంది. గుంపు, నిద్రలేమి, అలసట కలిస్తే జబ్బు వస్తుంది. గోర్గస్ పనామాలో చూసింది కూడా ఇదే కదా.

నిద్ర గురించి ఒక్క లెక్క చెప్తాను. 2009లో అమెరికాలో షెల్డన్ కోహెన్ బృందం 153 మంది ఆరోగ్యవంతులు రెండు వారాల పాటు ఎంతసేపు నిద్రపోయారో రాసుకుంది. తర్వాత వాళ్ల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసింది. ఏడు గంటల కన్నా తక్కువ పడుకున్నవాళ్లకి, ఎనిమిది గంటలు పడుకున్నవాళ్ల కన్నా జలుబు పట్టే అవకాశం దాదాపు మూడు రెట్లు.

మరి మన కష్టం?

ఇప్పుడు ఆ సోదరుడి అసలు ప్రశ్నకి వద్దాం. ఇనుము మొయ్యడం వ్యాయామం కాదా?

కోపెన్‌హేగెన్‌లో 1,04,046 మంది మీద చేసిన పరిశోధన 2021లో అచ్చయింది. తీరిక వేళల్లో కదిలేవాళ్లకి గుండె జబ్బులు, మరణాలు తక్కువ. అదే కదలిక ఉద్యోగంలో బరువు పని రూపంలో ఉంటే ముప్పు తగ్గలేదు, పెరిగింది. దీన్ని పరిశోధించిన ఆండ్రియాస్ హోల్టర్‌మన్ లాంటివాళ్లు కారణాలు ఇలా చెబుతారు: వ్యాయామం అరగంటలో ఆగుతుంది, పని పది గంటలు సాగుతుంది. వ్యాయామంలో వేగం నీ చేతిలో ఉంటుంది, పనిలో ఫోర్‌మన్ చేతిలో ఉంటుంది. వ్యాయామం తర్వాత ఒళ్లు కోలుకుంటుంది, పని తర్వాత కోలుకునేలోపే మళ్లీ అలారం మోగుతుంది. బరువెత్తి, వంగి ఉన్నంతసేపూ రక్తపోటు ఎక్కువగానే ఉంటుంది. ఇదీ గుండె లెక్కే, జలుబు లెక్క కాదు. దీని మీద వాదాలూ ఉన్నాయి. కానీ పది గంటలు ఇనుము మోసినవాడి దగ్గరికెళ్లి ఇంకో గంట పరిగెత్తమనడం తెలివైన మాట కాదని మాత్రం నాకు అర్థమైంది.

ఇంకో సంగతి మన కళ్ల ముందు జరిగిందే. 2020లో సింగపూర్ డార్మిటరీల్లో మన తెలుగువాళ్లు, తమిళులు, బంగ్లాదేశ్ వాళ్లు కలిసి మూడు లక్షల మందికి పైగా ఉండేవాళ్లు. ఆ ఏడాది చివరికి వాళ్లలో సుమారు సగంమందికి కోవిడ్ సోకినట్టు ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. చావులు చాలా తక్కువ, ఎందుకంటే దాదాపు అందరూ వయసులో ఉన్నవాళ్లు. వయసు ప్రాణం కాపాడింది. కానీ సోకకుండా కండలు కాపాడలేదు. ఒకే గదిలో అంతమంది పడుకుంటే ఎవరినీ ఏదీ కాపాడదు.

నాకూ ఒక అనుభవం ఉంది. వచ్చిన కొత్తలో ఒకసారి ఒళ్లు కాలిపోతున్నా డ్యూటీకి పోయాను. లీవు పెడితే ఆ రోజు కూలీ కోసేవాళ్లు. రెండు రోజులు అలాగే లాగాను, మూడోరోజు సైటులోనే కూలబడ్డాను. ఆ వారంలో మా రూమ్‌లో ఇంకో ముగ్గురు పడుకున్నారు. ఒక రోజు కూలీ మిగిల్చుకోబోయి నలుగురివీ కలిపి పదిరోజుల కూలీ పోగొట్టాను. రసెల్ రాసింది అప్పుడు నాకు తెలిసుంటే బాగుండేది.

ఏం చేద్దాం

అన్నీ చదివాక నాకు తేలింది ఇది.

రోజంతా బరువు పని చేసేవాళ్లు: మీకు కావలసింది ఇంకా శ్రమ కాదు. ముందు నిద్ర. ఏడు గంటలు తగ్గకుండా చూసుకోండి. రాత్రి రీల్స్ చూసే గంటని నిద్రకిస్తే అదే మీకు పెద్ద వైద్యం. పని అయ్యాక పది నిమిషాలు నెమ్మదిగా నడవండి, నడుము, భుజాలు సాగదీయండి. సెలవు రోజు పొద్దంతా మంచం మీదే ఉండకుండా చల్లపూట ఒక అరగంట హాయిగా నడవండి, మాట్లాడగలిగేంత వేగంతో. నోటితో ఊపిరి పీలుస్తున్నారంటే తగ్గించండి. సుశ్రుతుడి కొలత ఇక్కడ పనికొస్తుంది.

కూర్చుని లేదా ఒకేచోట నిలబడి చేసే పనివాళ్లు, అంటే డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, క్యాషియర్లు, ఆఫీసు వాళ్లు: నా పాత సలహా మీకు పూర్తిగా వర్తిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం. అంటే రోజుకి అరగంట, వారానికి అయిదు రోజులు. కాలిఫోర్నియాలో 48,440 మంది కోవిడ్ రోగుల లెక్క 2021లో వచ్చింది. ఆ 150 నిమిషాలు ముందునుంచీ పాటించినవాళ్లతో పోలిస్తే, అసలు కదలనివాళ్లు ఆసుపత్రిలో చేరాల్సి వచ్చే అవకాశం రెట్టింపు కన్నా ఎక్కువ. విస్కాన్సిన్‌లో 50 ఏళ్లు దాటినవాళ్ల మీద చేసిన పరీక్ష 2012లో అచ్చయింది. జలుబు, ఫ్లూల వల్ల మామూలుగా ఉన్న గుంపు 67 పనిదినాలు పోగొట్టుకుంటే, వ్యాయామం నేర్చుకున్న గుంపు 32 పోగొట్టుకుంది. ధ్యానం నేర్చుకున్న గుంపు అయితే 16 మాత్రమే. కూలీ లెక్కలో చూస్తే ఈ తేడా మనకి బాగా అర్థమవుతుంది. రోజూ ఇంటికి ఫోన్ చేస్తాం కదా, మంచం మీద పడుకుని కాకుండా నడుస్తూ మాట్లాడండి. అరగంట తెలియకుండానే అయిపోతుంది. ఎండాకాలంలో మాత్రం తెల్లవారుజామున, లేదా పొద్దుగూకాకే.

జ్వరం ఉన్నప్పుడు ఎవరూ వ్యాయామం చెయ్యొద్దు. తగ్గాక రెండు మూడు రోజులు నెమ్మదిగా మొదలుపెట్టండి. దగ్గు రెండు వారాలు దాటితే డాక్టరు దగ్గరికెళ్లి టీబీ పరీక్ష అడగండి, దాచుకోవద్దు. రూమ్‌లో ఒకరికి జలుబొస్తే రోజులో కాసేపైనా కిటికీ తెరవండి. ఏసీ గాలి చల్లగా ఉంటుందే గానీ, చాలా రూముల్లో అది ఉన్న గాలినే తిప్పుతుంది. ఇద్దరి తలలు దగ్గరగా ఉండే మంచాలైతే ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్లుండేలా తిరిగి పడుకోండి. పక్క దులిపి వేసుకున్నంత పని.

స్టీలు పని సోదరా, నువ్వడిగింది నాకు పాఠం అయింది. మీ రూమ్‌లో అందరికీ సర్ది అవుతున్నది మీరు కష్టపడక కాదు. కష్టానికి తగ్గ నిద్ర, తిండి, చోటు దొరక్క. అందులో నిద్ర కొంతవరకు మన చేతిలో ఉంది. చోటు మన చేతిలో లేదు, దాన్ని అడగాలి. వందేళ్ల కిందటే ఒక డాక్టరు గనుల యజమానుల ముఖం మీదే మనిషికి చోటు పెంచమని చెప్పాడు. మనం అడిగితే కొత్తగా అడిగినట్టు కాదు.

మెసేజ్‌లో దగ్గుతున్న ఆ రూమ్మేట్‌కి ఎన్ని రోజులైందో కనుక్కో తమ్ముడూ. రెండు వారాలు దాటితే తోడుగా క్లినిక్‌కి తీస్కపో. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా అందరూ పైలం.